రాజమండ్రిలో పరుగు దారులు: గోదావరి వైపు నుంచి ఒక వాదన

రాజమండ్రిలో పరుగు మొదలుపెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఎక్కడ పరుగెత్తాలనే. ఊళ్ళో దానికి దొరికే జవాబులు రెండే: ఆర్ట్స్ కాలేజీ మైదానం, లేకపోతే కంబాల చెరువు పార్కు. ఆ రెండు చోట్లా తెల్లవారకముందే నడిచేవారూ పరుగెత్తేవారూ చేరుతారు, తోడు ఉంటుంది, భద్రత ఉంటుంది. వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున గోదావరి పారుతున్న ఊళ్ళో ఉంటూ, ఆ నదికి వీపు తిప్పి మైదానంలో గుండ్రంగా తిరగడమే పరుగు అనుకోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

నా వాదన ఇది. రాజమండ్రి చుట్టుపక్కల అందమైన పరుగు దారులను కొత్తగా నిర్మించవలసిన పని లేదు. స్నానానికి రేవులు, వరదను ఆపడానికి ఏటిగట్లు, నీటిని నిలపడానికి ఆనకట్ట, నీటిని పొలాలకు పంపడానికి కాలువలు అని నూట డెబ్భై ఏళ్ళకు పైగా ఈ ప్రాంతం నది కోసం కట్టుకున్నవే ఇప్పుడు మనకున్న అతి మంచి దారులు. వాటిని కనిపెట్టడానికి ఏ నెలలో నది ఎలా ఉంటుందో, ఏ వేళకు ఏ గట్టు మీద ఎవరు పని చేసుకుంటారో తెలియాలి. ఊరి పెద్దలు చేయవలసిన పని కూడా ఉంది. అది ఆ దారుల మీద కొత్త అలంకారాలు పరచడం కాదు, అవి మధ్యలో తెగిపోయిన చోట్ల కలపడం.

ముందుగా దిక్కుల సంగతి చెప్పాలి, ఎందుకంటే దారిని ఎంచుకునేటప్పుడు చాలామంది దూరం చూస్తారు గాని సూర్యుణ్ణి చూడరు. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. కాబట్టి మన ఒడ్డు మీద సూర్యుడు ఊరి వెనక నుంచి లేస్తాడు, సాయంత్రం నదిలోకి దిగుతాడు. దీని ఫలితం పరుగెత్తేవారికి చాలా పెద్దది. తెల్లవారిన తర్వాత కూడా కొంతసేపు ఒడ్డున ఉన్న మేడల నీడ రేవుల మీద పడి ఉంటుంది. ఎండ ముందుగా ఎదుటి ఒడ్డున కొవ్వూరును తాకుతుంది, తర్వాత వంతెనల దూలాలను, ఆ తర్వాత నడి ఏటిని, చివరకు మన మెట్లను చేరుతుంది. అంటే వేసవిలో ఊళ్ళో మరే రోడ్డు మీదా దొరకని నీడ మనకు నది ఒడ్డున దొరుకుతుంది. సాయంత్రం సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన రాతి మెట్లు పొద్దు గుంకాక కూడా వేడిని కక్కుతూనే ఉంటాయి, నీటి మీద నుంచి వచ్చే వెలుగు కళ్ళలో పొడుస్తుంది. అందుకే సూర్యాస్తమయం చూడటానికి రేవులకు రమ్మని ఎవరినైనా పిలుస్తాను గాని, పరుగెత్తడానికి మాత్రం తెల్లవారుజామునే రమ్మంటాను.

రేవుల దారి అంటే ఉత్తరాన కోటిలింగాల రేవు మొదలుకొని పుష్కర ఘాట్, మార్కండేయ ఘాట్, ఇంకా దిగువకు వెళ్తే గౌతమీ ఘాట్ వరకు సాగేది. 2015 పుష్కరాల కోసం విస్తరించిన కోటిలింగాల రేవు ఒక్కటే కిలోమీటరుకు పైగా పొడవుంది. పరుగు కొత్తగా మొదలుపెట్టినవారికి ఇంతకన్నా మంచి చోటు నేను చూపించలేను. సమతలంగా ఉంటుంది, వాహనం రాదు, అలసిపోతే ఎక్కడైనా కూర్చోవచ్చు, ఎంత దూరం వచ్చామో ఎదురుగా కనిపించే వంతెన స్తంభాలే చెబుతాయి. అక్కడి నుంచి దిగువకు సాగబోతే మాత్రం చిక్కులు మొదలవుతాయి. ఒక రేవుకూ మరో రేవుకూ మధ్య దారి ఆగిపోతుంది. గోడ అడ్డు వస్తుంది, లేదా ఏదో ఒక ఆవరణ అడ్డు వస్తుంది, లేదా మెట్లెక్కి ఊళ్ళోకి పోయి, సందులో తిరిగి, మళ్ళీ దిగవలసి వస్తుంది. నల్లా ఛానల్, ఆవ ఛానల్ వంటి మురుగు కాలువలు ఊరి నీటిని మోసుకొచ్చే వైపు వెళ్తే ఊపిరి బిగబట్టక తప్పదు. ఒక దారి అందంగా ఉందని అనడానికి కన్నుకు ఎంత హక్కుందో ముక్కుకూ అంతే ఉంది. పరుగెత్తే మనిషి మామూలుగా పీల్చేదానికి ఎన్నో రెట్లు గాలి పీల్చుతాడు గనుక ఈ విషయంలో నేను ముక్కు మాటే ముందు వింటాను.

రేవులు అన్ని నెలల్లోనూ మనవి కావని కూడా చెప్పాలి. కార్తీక మాసంలో తెల్లవారుజామున మూడున్నర నాలుగు గంటలకే ఆడవాళ్ళు స్నానాలకు వస్తారు, అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు, తడి బట్టలతో మెట్ల మీద నిలబడి పూజ చేసుకుంటారు. ఆ నెలంతా రేవుల మీద పరుగెత్తడం తగని పని అని నా గట్టి అభిప్రాయం. ఈ మెట్లు కట్టింది స్నానం కోసం, మనం వాటిని ఖాళీగా ఉన్న వేళ వాడుకుంటున్నాం. ఆ నెల ఇతర దారులు చూసుకోవాలి, అవి ఉన్నాయి కూడా.

రేవులను విడిచిపెట్టవలసిన మరో కాలం వరదలది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎర్రబడుతుంది, ఎక్కడో మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో పడిన వాన నాలుగైదు రోజులకు మన మెట్లను ముంచుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. బ్యారేజీ నుంచి వదిలే నీటి లెక్కలో చెబితే అవి సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఈ అంకెలు రైతులకూ, నది మధ్య దీవుల్లాంటి లంకల్లో ఉండేవారికీ నోటికి వచ్చు. నది ఒడ్డున పరుగెత్తేవారికీ నోటికి రావాలని నేను అంటాను. నా అలవాటు ఏమిటంటే మొదటి హెచ్చరిక వచ్చిన రోజు నుంచి రేవులకు వెళ్ళడం మానేస్తాను, నీరు తీసిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆగుతాను. వరద పోతూ పోతూ మెట్ల మీద సన్నని ఒండ్రు పొర వదిలివెళ్తుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది గాని కాలు పెడితే జారుతుంది. ఒకసారి నేను మెట్లు దిగబోతుంటే వల ఆరేసుకుంటున్న ఒక పెద్దాయన దూరం నుంచే కేకేశాడు: "అటు దిగకమ్మా, ఒండ్రు ఇంకా ఆరలేదు. పై గట్టునే పోమ్మా, ఆయ్." ఏ మెట్టు ఎప్పుడు నమ్మదగినదో రోజంతా ఆ మెట్ల మీద బతికేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

దారులు వెతకడం గురించి నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాటకు ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు చాలామంది ఫోనులో పరుగు దారులను నమోదుచేసే స్ట్రావా వంటి యాప్ తెరిచి, ఎక్కువమంది పరుగెత్తిన దారులు ముదురు రంగులో ఉంటాయి గనుక వాటినే మంచి దారులనుకుంటారు. ఆ పటం చూపించేది ఫోను పట్టుకుని, యాప్ పెట్టుకుని, ఇప్పటికే పరుగెత్తినవారి జాడ మాత్రమే. పెద్ద నగరాల్లో అది చాలవరకు పనికొస్తుంది. మన వంటి ఊళ్ళలో ఆ జాడలు నాలుగు రోడ్ల మీదే పేరుకుని ఉంటాయి. ఏటిగట్టు మీద పాలక్యాన్లతో సైకిలు తొక్కే మనిషి, లంకలోని తోటకు నడిచి వెళ్ళే కూలీ, వలల దగ్గరికి పోయే జాలరి ఆ పటంలో లేరు. ఆ దారి గుండా రోజూ పోయేది వాళ్ళే, ఎక్కడ కుక్కలు మీదికి వస్తాయో, ఎక్కడ వానకు గట్టు కోసుకుపోయిందో, ఏ వేళకు ఇసుక లారీలు మొదలవుతాయో చెప్పగలిగేది వాళ్ళే. అందుకని కొత్త దారి మీద మొదటిసారి నేను పరుగెత్తను, నడుస్తాను. నడిచే మనిషితో ఎవరైనా మాట్లాడతారు, పరుగెత్తే మనిషిని ఆపి మాట్లాడటానికి సందేహిస్తారు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ధవళేశ్వరం. ఊరి నుంచి దిగువకు ఆరేడు కిలోమీటర్లు వెళ్తే వస్తుంది. ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తిచేసింది అక్కడే. దానికి రాయి ధవళేశ్వరం కొండల నుంచే తవ్వి తెచ్చారు. ఇప్పుడు మనం చూసేది ఆ పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం 175 గేట్లతో ఉంటుంది. ధవళేశ్వరం భాగంలోనే 70 గేట్లున్నాయి. నీటి మీది కట్టడమే సుమారు 3.6 కిలోమీటర్లు. భాగాల మధ్య పిచ్చుకలంక, బొబ్బర్లంక వంటి లంక నేలలు వస్తాయి గనుక ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దారి అంతకన్నా చాలా ఎక్కువ.

ఈ దారి గొప్పతనం ఏమిటో పరుగెత్తితేనే పూర్తిగా తెలుస్తుందని నేను నమ్ముతాను. కారులో దాటితే గేట్ల స్తంభాలు కళ్ళ ముందు గబగబా కదిలిపోతాయి, అంతే. కాలినడకన పోతే మరీ నెమ్మది, ఎండ ముంచుకొస్తుంది. పరుగు వేగానికి ఒక్కొక్క గేటూ విడివిడిగా తెలుస్తూనే మొత్తం కట్టడం ఒకే ఊపులో అందుతుంది. ఎడమ కంటికీ కుడి కంటికీ రెండు వేరు వేరు నదులు కనిపిస్తాయి. ఎగువన బ్యారేజీ నిలబెట్టిన నీరు మే నెలలో కూడా ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా ఉంటుంది. దిగువన అదే మే నెలలో ఇసుక మేటలు, వాటి మధ్య పాయలు పాయలుగా మిగిలిన నీరు, ఆ నీటిలో కొంగలు. రాజమండ్రి రేవుల దగ్గర వేసవిలోనూ గోదావరి నిండుగా ఎందుకు ఉంటుందో తెలియాలంటే ఇక్కడికి రావాలి. మనం ఊళ్ళో చూసి మురిసిపోయే ఆ నిండుదనం ఈ గేట్లు మూసి ఉండటం వల్ల వచ్చింది. అదే ఆగస్టులో వస్తే రెండు వైపులా ఒకే ఎర్రని ప్రవాహం, గేట్లన్నీ ఎత్తి ఉంటాయి, నీటి హోరులో పక్క మనిషి మాట వినిపించదు. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైంది. ఆనాటి నీటి ఎత్తు ఈ ప్రాంతంలో ఏటిగట్లన్నిటికీ కొలమానమైంది. వరద పెరిగినప్పుడు ఇక్కడ గుమిగూడవద్దని పోలీసులు అంటారు, ఆ మాట వినాలి, ఆ రోజుల్లో ఇది పరుగు చోటు కాదు.

బ్యారేజీ మీద రోడ్డు ఇరుకు. కోనసీమ వైపు బస్సులూ బళ్ళూ దీని మీదుగానే పోతాయి. అందుకని వెలుతురు వచ్చీరాని వేళ మొదలుపెట్టి, బళ్ళు పెరిగేలోపు తిరిగి రావాలి. ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి పక్కన పరుగెత్తాలి, మెరిసే పట్టీ ఉన్న చొక్కా వేసుకోవాలి, చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు. మొదటిసారి వెళ్ళేవారు పిచ్చుకలంక దాకా పోయి వెనక్కి తిరిగినా చాలు. ఇంకా ఓపిక ఉంటే ధవళేశ్వరం కొండ మీద జనార్దన స్వామి గుడికి ఎక్కవచ్చు. డెల్టా అంచున చదును నేల మీద పరుగెత్తేవారికి ఎక్కే దారి దొరకడం అరుదు, అది ఇక్కడ దొరుకుతుంది. కాటన్ మ్యూజియం పొద్దున ఆ వేళకు తెరిచి ఉండదు గాని మరోసారి తీరిగ్గా వచ్చి చూడవలసిందే. తన కాళ్ళ కింద ఉన్నదేమిటో తెలిసి పరుగెత్తే మనిషికి ఆ దారి ఇంకా బాగుంటుందని నా అనుభవం.

ధవళేశ్వరం నుంచే తూర్పు డెల్టా కాలువ బయలుదేరుతుంది. లాకులు దాటి వేమగిరి, కడియం మీదుగా సాగే ఈ కాలువల మీద ఒకప్పుడు కాకినాడ దాకా పడవలు నడిచేవి, గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టున నడుస్తూ తాళ్ళతో వాటిని లాగేవారు. అంటే కాలువగట్టు మొదటి నుంచీ కాళ్ళ కోసం ఉన్న దారి. అందుకే అది నీటికి అంత దగ్గరగా, అంత చదునుగా ఉంటుంది. ఒక పక్క ఇప్పుడు తారు రోడ్డు, దాని మీద లారీలు. రెండో పక్క గట్టు చాలాచోట్ల మట్టిదారిగానే మిగిలింది, పరుగెత్తవలసింది ఆ మట్టిదారి మీదే. కడియపులంక చేరేసరికి నర్సరీలు మొదలవుతాయి, తెల్లవారుజామున పూల మార్కెట్టు నడుస్తూ ఉంటుంది, బంతి, చామంతి గంపలు దిగుతూ ఉంటాయి. మొక్కలకు నీళ్ళు పెట్టే వేళ కావడం వల్ల గాలి చల్లగా ఉంటుంది. కార్తీకంలో రేవులకు బదులు నేను చెప్పే దారి ఇదే. వేసవిలో మాత్రం నిరాశపడతారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలువలు కట్టేస్తారు, అడుగున బురదా ప్లాస్టిక్కూ తేలతాయి. జూన్‌లో మళ్ళీ నీరు వదిలాకే ఈ దారికి ప్రాణం వస్తుంది.

ఊరికి ఉత్తరాన కాతేరు దాటాక సీతానగరం వైపు పోయే ఏటిగట్టు గురించి నాకు ప్రేమా కోపమూ రెండూ ఉన్నాయి. ఈ పరిసరాల్లో ఇంత పొడవైన, ఇంత ఎత్తైన పరుగు దారి మరొకటి లేదు. ఒక పక్క తాడిచెట్లూ పొలాలూ, మరో పక్క కిందుగా లంక తోటలూ నదీ. గట్టు ఎత్తున ఉన్నందువల్ల ఎటు చూసినా చూపుకు అడ్డు లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు నది మీద నుంచి లేచి లంకలను కప్పేస్తుంది, గట్టు మీద పరుగెత్తే మనిషి మాత్రం దానికి పైన ఉంటాడు. కోపం ఎందుకంటే నదిలో ఇసుక ఎత్తే ర్యాంపులకు పోయే లారీలు ఈ గట్టును చాలాచోట్ల గుల్ల చేశాయి. గుంతలు పడతాయి, దుమ్ము లేస్తుంది, ఎండిన మట్టి మీద చక్రాల గాడులు గట్టిపడి మడమలు మెలిపెడతాయి. గట్టు పాడైతే పరుగెత్తేవారికి వచ్చే నష్టం చిన్నది, దాని వెనక ఉన్న ఊళ్ళకు వచ్చే నష్టం పెద్దది. కాబట్టి మా ప్రయోజనమూ రైతు ప్రయోజనమూ ఇక్కడ ఒక్కటే అని నేను గట్టిగా చెప్పగలను. గట్టు మీద భారీ వాహనాలను అదుపు చేయమని అడిగేటప్పుడు పరుగెత్తేవారూ ఆ ఊళ్ళవారితో గొంతు కలపాలి. వరద నెలల్లో పాములు కూడా గట్టెక్కుతాయి గనుక అప్పుడు వెలుతురు పూర్తిగా వచ్చేదాకా ఆగాలి.

ఈ గట్టు మీదికి నేను ఒంటరిగా వెళ్ళను. మా వదిన తోడు వస్తేనే వెళ్తాను, ఆమె సైకిలు మీద వస్తుంది, నేను పరుగెత్తుతాను. మగవారు రాసే దారుల వివరాల్లో ఈ సంగతి కనిపించదు. వాళ్ళకు ఏకాంతం ఒక అందం, మాకు అదొక లెక్క. ఎంత దూరానికి ఇల్లు ఉంది, ఎవరు మేల్కొని ఉంటారు, ఫోను సిగ్నలు ఉందా, వెనక్కి రావడానికి రెండో దారి ఉందా అని చూసుకున్నాకే మేము దృశ్యం వైపు చూడగలం. అందువల్ల ఒక దారి బాగుందా లేదా అన్నదానికి నా దృష్టిలో మొదటి కొలత ఆ వేళకు అక్కడ పని చేసుకునే మనుషులు ఉన్నారా అన్నది. కడియం పూల మార్కెట్టు, రేవుల దగ్గర పూలమ్మేవారు, బ్యారేజీ దగ్గర చేపలమ్మే ఆడవాళ్ళు ఉన్నంతసేపు ఆ దారులు మాకు తెరిచి ఉన్నట్టే. నది ఒడ్డును శుభ్రం చేస్తున్నామంటూ మొదట చిన్న వ్యాపారులను తరిమేసే పథకాలను నేను వ్యతిరేకించేది ఇందుకే. వాళ్ళు పోయాక మిగిలే ఖాళీ నున్నటి రాతిపలకల మీద తెల్లవారుజామున ఒక ఆడపిల్ల ఒంటరిగా పరుగెత్తలేదు, ఎన్ని దీపాలు పెట్టినా సరే.

ఎదుటి ఒడ్డు గురించి రాజమండ్రివారు అంతగా ఆలోచించరు. నీటి మీద సూర్యోదయం చూడాలంటే మనం కొవ్వూరు వెళ్ళాలి. అక్కడ గోష్పాద క్షేత్రం దగ్గర నిలబడితే పొద్దు రాజమండ్రి మేడల వెనక లేచి నదిని దాటుకుంటూ మన దాకా వస్తుంది. అక్కడి నుంచి దిగువకు మద్దూరు, విజ్జేశ్వరం వైపు గట్టు దారి నిదానంగా, తక్కువ బళ్ళతో సాగుతుంది. సమస్యంతా అక్కడికి కాలినడకన చేరడమే. 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన మీద పై అంతస్తులో రోడ్డు ఉంది గాని నడిచేవారికి మిగిలిన చోటు చాలా ఇరుకు, పరుగెత్తమని నేను ఎవరికీ చెప్పను. 2015లో తెరిచిన నాలుగో వంతెన వెడల్పుగా ఉంది, లారీల వేగమూ అలాగే ఉంది, నాలుగు కిలోమీటర్లకు పైగా ఒక్క నీడ లేదు. 1997లో వచ్చిన ఆర్చి వంతెన రైళ్ళకు మాత్రమే.

మిగిలింది హేవ్‌లాక్ వంతెన. 1900లో తెరుచుకుని, దాదాపు శతాబ్దం పాటు మద్రాసు–కలకత్తా రైళ్ళను మోసి, 1997లో విశ్రాంతి తీసుకున్న ఈ వంతెనకు 56 ఖానాలు, పొడవు 2.7 కిలోమీటర్లకు పైగా. ఇన్నేళ్ళుగా అది ఖాళీగా నిలబడి ఉంది. అఖండ గోదావరి పథకం కింద దాన్ని పర్యాటక స్థలంగా మారుస్తామని 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. దాన్ని కాపాడాలన్న ఉద్దేశాన్ని నేను మనసారా స్వాగతిస్తాను. నా భయం ఒక్కటే. ఇలాంటి చోట్ల దుకాణాలూ, ఫోటోలు తీసుకునే బొమ్మలూ, రంగురంగుల దీపాలూ ముందు వస్తాయి, దాటే దారి అన్నది చివరకు మిగలదు. వంతెనకు మొదటి ధర్మం అటు నుంచి ఇటు చేర్చడం. ఒక చివర టికెట్టు కొని లోపలికి వెళ్ళి, అదే చివర నుంచి బయటికి రావలసిన చోటుగా దాన్ని మారిస్తే, వంతెన పోయి పార్కు ఒకటి మిగులుతుంది. పార్కులు మరో చోట కట్టుకోవచ్చు, గోదావరి మీద వాహనం లేని వంతెన మరొకటి మనకు దొరకదు.

ఆ వంతెన రెండు చివరలా తెరిస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు పటం మీద వేలు పెట్టి గీసుకున్నాను. పుష్కర ఘాట్ దగ్గర బయలుదేరి హేవ్‌లాక్ మీదుగా కొవ్వూరు, అక్కడి నుంచి కుడి గట్టున మద్దూరు, విజ్జేశ్వరం, అక్కడ బ్యారేజీ ఎక్కి బొబ్బర్లంక, పిచ్చుకలంకల మీదుగా ధవళేశ్వరం, ధవళేశ్వరం నుంచి ఎడమ ఒడ్డున మళ్ళీ రేవులకు. నా లెక్కన ఇది సుమారు పాతిక కిలోమీటర్లు, హాఫ్ మారథాన్ కన్నా కొంచెం ఎక్కువ. అఖండ గోదావరి పాయలుగా చీలే చోటును చుట్టి వచ్చే ఇలాంటి పరుగు దారి దేశంలో ఎక్కడున్నా జనం రైలెక్కి వెళ్తారు. మనకు దీనిలో చాలా భాగం ఇప్పటికే ఉంది. లేనిది నది మీద ఒక తలుపు, రేవుల మధ్య తెగిన చోట్ల కలిపే దారి, ధవళేశ్వరం దాకా ఎడమ ఒడ్డున నడిచేవారికి కొంచెం నిలకడైన అంచు, దారి పొడవునా చెట్లు.

2027లో గోదావరి పుష్కరాలు మళ్ళీ వస్తున్నాయి, ఒడ్డున మళ్ళీ పనులు జరుగుతాయి. 2015 జూలై 14న, పుష్కరాల తొలి రోజునే, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. లక్షల మంది ఒకే రేవుకు, ఒకే వైపు నుంచి చేరడం ఆనాటి ప్రమాదంలో పెద్ద భాగం. రేవుకూ రేవుకూ మధ్య ఒడ్డునే తెగని దారి ఉంటే జనం ఒక చోట నిలిచిపోకుండా పక్కకు సాగగలరు. పన్నెండేళ్ళకోసారి స్నానానికి వచ్చే యాత్రికుడికి ప్రాణం కాపాడే ఆ దారే మిగిలిన కాలమంతా ఊరివారికి నడకకూ పరుగుకూ పనికొస్తుంది. కాబట్టి పుష్కరాల పనుల్లో ఇది విడిగా అడగవలసిన సౌకర్యం కాదు, మొదట చేయవలసిన పని.

పనులు జరిగేటప్పుడు వినతులు తీసుకుంటారు గనుక నేను ఇచ్చే వినతిలో రాసేవి ఇవి: కోటిలింగాల నుంచి గౌతమీ ఘాట్ దాకా మెట్లెక్కి దిగనవసరం లేకుండా ఒకే మట్టంలో నడిచే దారి, దాని మీద నున్నటి పలకలు కాకుండా తడిసినా కాలు పట్టే గరుకు రాయి, ఊరి వైపు వేప, రావి, నిద్రగన్నేరు చెట్లు, వ్యాపారులను తరమకుండా వారికి దారి పక్కన చోటు, హేవ్‌లాక్ వంతెన మీద తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు వరకు రెండు చివరలా తలుపులు తెరిచి, టికెట్టు లేకుండా, కొవ్వూరు పాలవాడికీ రాజమండ్రి పరుగువాడికీ సమానంగా దారి.